సముద్రానికి అడ్డంగా నిలబడ్డ బ్యాక్

ఇది మొదలైంది జూలై నెల రెండో మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు. మా గోడ గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుంది కాబట్టి నిజానికి మూడూ ఎనిమిది అని రాయాలి. కానీ ఇన్నేళ్లుగా ఆ గడియారాన్ని నమ్మి మాత్రలు వేసుకుని బతికి ఉన్నాను, ఇప్పుడు దాని మీద చాడీలు చెప్పడం బాగుండదు. పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, గరాచర్మలో, మా ఇంటి వెనక గదిలో మనవరాలు శ్రావణి కంప్యూటరు ముందు కూర్చుని పని చేసుకుంటోంది. బయట వాన, లోపల ఉక్క, నెత్తిమీద ఫ్యాను. తెర మీద మాత్రం తెల్లటి మంచు. దూరదేశాల్లో మంచు మీద ఆడే హాకీ ఆటల్ని చూసి, ఎవరు ఎప్పుడు బంతిని తాకారో మీటలు నొక్కి గుర్తుపెట్టడం దాని ఉద్యోగం. బంతి అంటే బంతి కాదు, నల్లటి రబ్బరు బిళ్ల. ఆ వారమంతా దానికి ఒకే కుర్రాడిని అప్పగించారు. పంతొమ్మిదేళ్లవాడు, నలభై నాలుగో నంబరు చొక్కా, గోలుకి కాపలా కాసే డిఫెన్స్ ఆటగాడు. వాడిమీద డబ్బు పెట్టొచ్చా లేదా అని పెద్ద జట్లవాళ్లు తేల్చుకోవాలట. ఆ తేల్చుకోవడానికి కావలసిన లెక్క గరాచర్మలో, చెమటలు కారుతూ, తయారవుతోంది.

"అమ్మమ్మా, ఇలా రా. వీడు పెద్ద జట్టులోకి వెళ్తాడంటావా? సచ్ సచ్ చెప్పు," అంది శ్రావణి.

"నాకేం తెలుసే? కానీ వీడికి చెల్లెలుంటే మాత్రం దాన్ని అడగొద్దని మీ కంపెనీవాళ్లకి రాయి," అన్నాను.

అది నవ్వి మళ్లీ మీటల్లో పడింది. నేను మాత్రం ఆ మధ్యాహ్నం ఇంక నిద్రపోలేదు. ఎందుకంటే ఈ పని నాకు కొత్త కాదు. పన్నెండేళ్ల వయసులో ఒక డిఫెన్స్ కుర్రాడి భవిష్యత్తు తేల్చే బాధ్యతను నేనూ నెత్తికెత్తుకున్నాను. ఎవరూ ఇచ్చింది కాదు, నేనే తీసుకున్నాను. ఆ తరవాత రంగత్ స్కూల్లో ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, వాళ్ల తప్పుల మీద ఎర్ర సున్నాలు చుట్టాను గానీ, నా మొదటి లెక్క మీద సున్నా చుట్టేవాళ్లు లేకపోయారు. ఆ కుర్రాడు మా అన్నయ్య సింహాద్రి.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో మా నాన్న భీమిలి నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి హార్బరు స్టోర్సులో గుమాస్తాగా కుదిరాడు. ఆ ఊళ్లోనే, సముద్రంలోకి దిగే కొండవాలు మీద డిగ్నాబాద్‌లో కాపురం. చెక్క గోడలు, రేకు కప్పు, నేల కింద గుంజలు. ఇల్లు కట్టిన మేస్త్రీ పైవైపు గుంజల కంటే కింద వైపు గుంజల్ని కాస్త పొడుగ్గా కొయ్యాలి కదా, కోసే ఉంటాడు, కానీ చాలినంత కాదు. ఇంటి నేల మొత్తం సముద్రం వైపు ఒరిగి ఉండేది. గుండ్రంగా ఉన్న వస్తువు ఏది చేజారినా వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి మెట్ల మీదకి, మెట్ల మీంచి మురిక్కాలవలోకి, కాలవలోంచి సముద్రంలోకి తనంతట తానే వెళ్లిపోయేది. మా ఇల్లొక్కటే కాదు, ఆ వరసలో ఇళ్లన్నీ అంతే. ఉల్లిపాయ, బంగాళాదుంప, చింతపండు, దారపు ఉండ, చివరికి ఉత్తరాలు కూడా ఓడలోనే రావాలి. ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలియదు. అందువల్ల డిగ్నాబాద్‌లో పుట్టి పెరిగిన ప్రతి మనిషికీ ఒక కాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఏదైనా దొర్లుతున్న చప్పుడు వినిపిస్తే చాలు, మాట మధ్యలోనే ఆ కాలు అడ్డంగా చాపేవాళ్లం. చూడనక్కర్లేదు. నాన్న పేపరు చదువుతూ చాపేవాడు, అమ్మ పిండి రుబ్బుతూ చాపేది. ఒకసారి మా ఇంటికి వచ్చిన పురోహితుడు మంత్రం ఆపకుండానే దొర్లుతున్న రాగి చెంబును మడమతో ఆపాడు. ఆయనా ఆ వీధివాడే.

ఈ విద్యలో అందరికంటే ఆరితేరింది మా నాయనమ్మ. భీమిలి మనిషి, అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, రెండో కొస మాత్రం బయటికి కనిపిస్తూ, మాట్లాడుతూనే ఉండేది. వానాకాలంలో మా ఇంట్లో వాసనలన్నీ పొయ్యి చుట్టూనే ఉండేవి. పొయ్యిపైన కట్టిన తాడు మీద ఆరని బట్టలు, వాటికి పట్టిన పొగ, పక్కనే వేలాడే ఎండుచేపల వాసన, వీటన్నిటిపైనా నాయనమ్మ చుట్ట. నేను బడికి వెళితే నా పక్కన కూర్చునే పిల్ల "తుమ్హారే ఘర్ మే ఆజ్ మఛ్లీ?" అని రోజూ అడిగేది. చేప కాదు, నా గౌనే అని చెప్పడానికి నాకు నామోషీ. నాయనమ్మ పీట వేసుకుని వసారా అంచున, సరిగ్గా మెట్ల పైన కూర్చునేది. "ఇక్కడేటి సేత్తన్నావు నాయనమ్మా?" అంటే, "కాపలా కాత్తన్నానే. మీ అమ్మ సేతిలో ఏదీ నిలవదు," అనేది. అమ్మ లోపల్నుంచి విని పిండి ఇంకాస్త గట్టిగా రుబ్బేది.

అన్నయ్యకు ఆట పట్టుబడింది ఈ ఇంట్లోనే. వీధి దిగువన మాకో మైదానం ఉండేది. మైదానం అనడం దాని మీద గౌరవంతో. పైవైపు గోలు కొండకు ఆనుకుని ఉండేది. కింద వైపు గోలు వెనక నాలుగడుగుల గడ్డి, ఆ తరవాత రాళ్లు, ఆ తరవాత సముద్రం. హాకీ బంతి ఓడలో రావాలి, ఒక్కోసారి ఒకటే వచ్చేది. కింద గీత దాటిందంటే గోలయినా కాకపోయినా ఒకటే, బంతి నీళ్లలోకి వెళ్లి, తేలుతూ, అందరూ చూస్తుండగా నిదానంగా వెళ్లిపోయేది. పోటు దిగేటప్పుడయితే ఈదేవాళ్లు కూడా దాని జోలికి వెళ్లేవారు కారు. మళ్లీ ఓడ వచ్చేదాకా డిగ్నాబాద్‌లో హాకీ లేదు, సాయంత్రాలు లేవు, పెద్దవాళ్లకు పిల్లల మీద అరవడం తప్ప వేరే పని లేదు.

అందుకని మా మైదానంలో ఒక పద్ధతి వచ్చింది. సగం ఆట అయ్యాక జట్లు రెండూ అటువాళ్లు ఇటూ, ఇటువాళ్లు అటూ మారేవి. అన్నయ్య మాత్రం మారేవాడు కాదు. వాడు ఎప్పుడూ కింద గోలు దగ్గరే. మొదటి సగం ఒక జట్టుకు బ్యాక్, అంటే వెనక నిలబడి ఆపేవాడు, రెండో సగం అవతలి జట్టుకు బ్యాక్. ఇది అన్యాయమని ఎవరికీ తోచలేదు. జట్టు పెద్ద దావూద్ భయ్యా అనేవాడు, "సింహాద్రి కిసీ కా నహీ. గేంద్ కా హై." వాడు ఎవరి మనిషీ కాదు, బంతి మనిషి అని. అది నిజం. వాడు వచ్చాక బంతులు పోవడం దాదాపు ఆగిపోయింది. ఎటు తిరిగి వచ్చినా, ఎంత దూరంగా పోతున్నా, పరిగెత్తి, పడి, దొర్లి, కర్ర చివరతోనో మోకాలితోనో ఆపేవాడు. నేను గోలు పక్కన రాయి మీద కూర్చుని లెక్క పెట్టేదాన్ని. ఆపినవి ఎన్ని, కుడివైపు ఎన్ని, ఎడమవైపు ఎన్ని, పడి ఆపినవి ఎన్ని. నోట్లోనే లెక్క, ఇంటికొచ్చి అన్నం తింటూ నాన్నకు అప్పజెప్పేదాన్ని. స్టోర్సు గుమాస్తా కూతుర్ని కదా, వస్తువు చేతికొచ్చిన లెక్కే నాకు తెలుసు. నాన్న చెయ్యి కడుక్కుంటూ, "బాగుందే. మన స్టోర్సులో కూడా ఇలా లేదు," అనేవాడు. నన్ను మెచ్చుకున్నాడని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన స్టోర్సు గురించి దిగులుపడ్డాడేమో అనిపిస్తుంది.

ఆ ఏడు మద్రాసు ఓడలో వరదరాజులుగారు వచ్చారు. మద్రాసులో ఒక మిల్లు హాకీ జట్టుకు మనుషుల్ని ఎంచే పెద్దమనిషి. మా దీవుల్లో ఆటగాళ్లను వెతకడానికి ఎవరు పంపుతారు గనక. ఇక్కడి ఇంజనీరుగారు ఆయన అల్లుడు, కూతురికి పురుడొస్తే బారసాలకు వచ్చారు. మనవణ్ణి ఎత్తుకుని విసుగొచ్చి, గురువారం సాయంత్రం గొడుగు పట్టుకుని షికారుకు బయల్దేరి, మా మైదానం పైన ఆగి, అన్నయ్య ఆపుతుంటే చూశారట. మర్నాడు ఊళ్లో సమంగా ఉన్న పెద్ద మైదానంలో ఆట పెట్టిస్తే తిన్నగా చూస్తానన్నారు. ఓడ ఆదివారం సాయంత్రం తిరిగి వెళుతుంది. వాడు నచ్చితే అదే ఓడలో తీసుకెళతారు, మిల్లులో ఉద్యోగం, ఉండటానికి చోటు, ఏడాది పొడుగునా ఆట.

ఈ కబురుతో మా ఇల్లు కుదురు తప్పింది. ఎందుకంటే నాన్న అప్పటికే నలుగురినీ బతిమాలి అన్నయ్యకు వర్క్‌షాపులో ఫిట్టరు పని ఖాయం చేశాడు. సోమవారం పొద్దున్న చేరాలి. చేరకపోతే ఆ ఖాళీ ఇంకొకడికి పోతుంది. అన్నయ్య ఎప్పుడూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆ సాయంత్రం హాకీ కర్రకు కొబ్బరినూనె రాస్తూ నాతో అన్నాడు, "సత్తీ, ఆ ఇనప రజను వాసన నాకు పడదే. అందులో పడితే నేను మళ్లీ కర్ర పట్టను."

"నేనున్నానుగా," అన్నాను. పన్నెండేళ్లు నాకు.

శుక్రవారం మధ్యాహ్నం వరదరాజులుగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పిలవకుండానే నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఎవరు పాపా నువ్వు?"

"ఆ బ్యాక్ చెల్లెల్నండి. లెక్కలన్నీ నా దగ్గరున్నాయండి."

"ఏం లెక్కలు?"

"ఆపినవండి. ఎడమవైపు కొంచెం తక్కువండి, ఎండ అటునుంచి కొడుతుందండి."

ఆయన గడ్డం గోక్కుని, "మరి మొదలుపెట్టు," అన్నారు. నేను మొదలుపెట్టాను. పాపం, ఆయన ఆట చూడ్డానికి వచ్చారు. నేను ఆటకంటే ఎక్కువ వినిపించాను. ఇప్పుడు శ్రావణి కంప్యూటరు మూల ఎప్పుడూ కదిలే అంకెల్ని చూస్తే నాకు నేనే కనిపిస్తాను. తేడా ఏమిటంటే వాటి నోరు మూయించడానికి ఒక మీట ఉంది.

అన్నయ్య బాగానే ఆడాడు. గోలు వైపు వచ్చినవి వచ్చినట్టు ఆపాడు. ఆయన తల ఊపారు. అంతలో అవతలివాడు కొట్టిన బంతి గోలుకు చాలా దూరంగా, ఎవరికీ పట్టకుండా, గీత వైపు పోతోంది. అన్నయ్య ప్రాణం పోతున్నట్టు దాని వెనక పరిగెత్తి, గీతకు జానెడు ఇవతల పడి ఆపాడు. పడ్డవాడు లేచేలోగా అవతలివాడు వచ్చి ఆ బంతినే తీసుకుని గోలు కొట్టాడు. కాసేపటికి మళ్లీ అదే. ఇంకాసేపటికి మళ్లీ అదే.

"ఆ అబ్బాయి పోయే బంతి వెనక ఎందుకు పరిగెత్తుతున్నాడు?" అన్నారాయన.

"పోనివ్వడండి!" అన్నాను గర్వంగా.

"పోనివ్వాలి కదమ్మా. అవతలివాళ్లు కొట్టిన బంతి గీత దాటితే మనదే అవుతుంది. మనవాళ్లే కొడతారు."

"దాటితే మనది కాదండి. సముద్రానిదండి."

ఆయన గొడుగు పక్కకి తప్పించి గీత అవతలికి చూశారు. అక్కడ కంచె ఉంది, కంచె అవతల రోడ్డుంది, రోడ్డు మీద ఒక మేక నిలబడి మమ్మల్ని చూస్తోంది. "సముద్రం ఏదీ?" అన్నారు.

అంతవరకు హాకీ అంటే సముద్రానికి అడ్డంగా నిలబడటమే అనుకున్నాను. గీత దాటిన బంతి మన చేతికి తిరిగి వచ్చే మైదానాలు లోకంలో ఉంటాయని నాకూ తెలియదు, అన్నయ్యకూ తెలియదు. దావూద్ భయ్యాకు తెలుసట, కానీ మా మైదానంలో ఎప్పుడూ అవసరపడలేదు గనక చెప్పలేదట.

సాయంత్రం వరదరాజులుగారిని నాన్న టీకి పిలిచాడు. ఆయన వసారాలో కూర్చుని మర్యాదగానే చెప్పారు. "కుర్రాడి చూపు మంచిది, అడుగు మంచిది. బంతి ఎటొస్తుందో ముందే తెలుస్తుంది వీడికి. అది నేర్పితే వచ్చేది కాదు. కానీ బ్యాక్ పనిలో సగం ఆపడం, సగం వదిలెయ్యడం. ఆ రెండో సగం వీడి ఒంట్లో లేదు. ఇలాంటివాణ్ణి తీసుకెళితే మిల్లువాళ్లు నన్ను..."

ఆయన మాట పూర్తి కాలేదు. నాయనమ్మ చేటలోంచి ఒక ఉల్లిపాయ జారి దొర్లింది. నాన్న కాలు, అన్నయ్య కాలు, నా కాలు, పీట మీంచి లేవకుండానే నాయనమ్మ కాలు, నాలుగూ ఒకేసారి అడ్డంగా వచ్చాయి. వంటింటి గుమ్మంలో అమ్మ కాలు కూడా బయటికొచ్చి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆయన ఆ నాలుగు కాళ్లనూ, మధ్యలో ఉల్లిపాయనూ చూసి, టీ ఒలికేదాకా నవ్వారు.

"ఇది వాడి తప్పు కాదు, ఇంటి జబ్బు," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "సరే. ఆదివారం పొద్దున్న మీ మైదానంలోనే ఇంకోసారి చూస్తాను. పోయే బంతిని ఒక్కదాన్ని, ఒక్కటంటే ఒక్కదాన్ని, వదిలిపెట్టి చూపించమనండి. మిగిలింది మద్రాసులో నేను చూసుకుంటాను."

మధ్యలో ఉన్నది ఒక్క శనివారం. శిక్షకురాలి పదవి కూడా నేనే తీసుకున్నాను. పొద్దున్నే వసారాలో అన్నయ్యను నిలబెట్టి, పైనుంచి కొబ్బరికాయలు దొర్లించాను. వాడు కదల్లేదు. ఒక్కదానికీ కాలు చాపలేదు. కాయలన్నీ దడదడమని మెట్లు దిగిపోయాయి. నేను గెంతుతూ నాన్న దగ్గరికి పరిగెత్తాను, "వదిలేస్తున్నాడు నాన్నా!" అని.

నాయనమ్మ చుట్ట నోట్లోంచి తియ్యకుండానే అంది, "కొబ్బరికాయని ఎవుడాపుతాడే యెర్రిగుంటా? సెట్టెక్కితే దొరుకుద్ది. ఓడలో ఒచ్చిందేదైనా దొల్లించు, సూద్దాం."

ఉల్లిపాయ దొర్లించాను. వాడి కాలు వచ్చింది. బంగాళాదుంప దొర్లించాను. కాలు వచ్చింది. కళ్లు మూసుకోమన్నాను, చప్పుడు విని కాలు వచ్చింది. చెవుల్లో దూది పెట్టాను, నేల అదురుకి కాలు వచ్చింది. కాళ్లు రెండూ తాడుతో కట్టాను, అలాగే గెంతి ఆపాడు. "నేను చాపడం లేదే సత్తీ, అదే ఎల్లిపోతంది!" అన్నాడు ఏడుపు గొంతుతో. మధ్యాహ్నానికి వాడి ముఖం చూడలేక నాన్న లోపలికి వెళ్లిపోయాడు. అమ్మ వాడి ముందు అన్నం పెట్టి, తల నిమిరింది. అమ్మకు వాడు వదలడం నేర్చుకోవాలని ఉందో, నేర్చుకోకూడదని ఉందో నేను అప్పుడు ఆలోచించలేదు. నాకు ఆరోజు ఒకటే ధ్యాస. వీధి మొత్తానికి మా అన్నయ్య మద్రాసు వెళుతున్నాడని శుక్రవారమే చెప్పేసి ఉన్నాను.

చివరికి నాయనమ్మే లేచింది. చేటలోకి వంగి, ఉన్నవాటిలో పెద్ద ఉల్లిపాయను ఏరింది. దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని చూసింది. "సిమ్మాద్రీ, ఇది పోతే రేపు పులుసులోకి ఉల్లిపాయ నేదు. తెలిసిందా? ఒగ్గీ," అని దొర్లించింది.

ఉల్లిపాయ వస్తోంది. అన్నయ్య కాలి వేళ్లు నేలను గట్టిగా పట్టుకున్నాయి. ఉల్లిపాయ వాడి పాదం పక్కనుంచి వెళ్లి, మెట్టు మెట్టుకీ చప్పుడు చేస్తూ దిగి, కాలవలో పడింది.

"ఓలమ్మో! నిజంగా ఒగ్గేసినాడే ఎదవ!" అని నాయనమ్మ వాడి వీపు మీద ఒక్కటి వేసింది.

"అమ్మా, వదలమనే కదా చెప్పావు," అన్నాడు నాన్న.

"సెప్తే మాత్రం? ఒగ్గేత్తాడా? ఓడలో ఒచ్చిన ఉల్లిపాయి!"

అంత మంచి సాధన మధ్యలో ఆగిపోయింది, ఎందుకంటే ఆ తరవాత నాయనమ్మ చేటను ఒళ్లోంచి దింపలేదు.

ఆదివారం పొద్దున్న వాన తెరిపిచ్చింది. డిగ్నాబాద్ మొత్తం మైదానానికి వచ్చింది. అమ్మ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఆ వారం ఓడలో ఒక్క బంతే వచ్చింది, దావూద్ భయ్యా దాన్ని జేబురుమాలుతో తుడిచి నేల మీద పెట్టాడు. వరదరాజులుగారు పైవైపు గొడుగు కింద నిలబడ్డారు. నేను నా రాయి మీద. నాన్న, నాయనమ్మ నా పక్కన. ఆటగాళ్లు పైనుంచి కొడుతున్నారు, అన్నయ్య గోలు వైపు వచ్చేవాటిని ఆపుతున్నాడు. ఎంత బాగా ఆపాడో చెప్పే అంకెలు నా దగ్గర ఉన్నాయి, కానీ ఆరోజు వాటిని ఎవరూ అడగలేదు. అంతలో దావూద్ భయ్యా కొట్టిన బంతి తడి గడ్డి మీద జారి, గోలుకు బాగా ఎడంగా, సముద్రం వైపు తిరిగింది. పోటు దిగుతోంది. ఉన్న బంతి అదొక్కటే.

ఆ తరవాత జరిగింది నేను చూడలేదు. ఇది నేను రాసుకోవలసిన సిగ్గుమాలిన వాక్యం. రెండేళ్లపాటు ప్రతి బంతినీ లెక్కపెట్టినదాన్ని, ముందు రోజంతా వదలమని వాడి ప్రాణం తీసినదాన్ని, లెక్కపెట్టవలసిన ఒకే ఒక్క బంతి వచ్చేసరికి నేను నడుములోతు నీళ్లలో ఉన్నాను. ఎలా వెళ్లానో తెలియదు. నా ముందు దావూద్ భయ్యా ఉన్నాడు. పక్కన నాన్న, పంచె ఎగ్గట్టి. వెనక నాయనమ్మ, మోకాళ్ల దాకా చీర పట్టుకుని, "అటు, అటు, నీ అమ్మకడుపు కాలా, అటు!" అని బంతిని తిడుతోంది. రెండు జట్లవాళ్లూ నీళ్లలోనే ఉన్నారు. అంపైరు కూడా ఉన్నాడు, విజిలు ఊదుతూ పరిగెత్తుకొచ్చి అలలో బోర్లాపడ్డాడు. బంతి మా అందరికీ రెండు మూరల దూరంలో తేలుతూ, ఏ తొందరా లేకుండా, దీవి వదిలి వెళ్లిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే మైదానంలో ఇద్దరే ఉన్నారు. పైన గొడుగుతో వరదరాజులుగారు. కింద గోలు దగ్గర అన్నయ్య. మడమలు మట్టిలో దిగబడిపోయి ఉన్నాయి. కర్రను రెండు చేతులతో వీపు వెనక పట్టుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. చెంపల మీద తడి వానదో కాదో దూరం నుంచి తెలియలేదు. వరదరాజులుగారు దిగి వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేసేదాకా వాడు కళ్లు తెరవలేదు.

నీళ్లు కారుతూ ఒడ్డుకు వచ్చిన మా అందరినీ ఆయన వరసగా చూశారు. "ఈ ఊళ్లో వీడొక్కడే బ్యాక్ అండి," అన్నారు నాన్నతో. "సాయంత్రం ఓడకి పెట్టె సర్దమనండి."

ఇంటికి వెళితే అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "బంతి దొరికిందా?" అని అడిగింది ముందు. లేదన్నాం. అప్పుడు అన్నయ్య ముఖం చూసింది. చూసి, గుమ్మంలోనే కూర్చుంది. కాసేపటికి తనే లేచి వెళ్లి, పొయ్యిపైన తాడు మీంచి వాడి చొక్కాలు తీసి మడత పెట్టింది. అవి ఇంకా ఆరలేదు.

వాడు పైకొచ్చాడా అంటే, నా లెక్కలో చెబుతాను. మిల్లు జట్టులో తొమ్మిదేళ్లు ఆడాడు. దాన్ని మించి పెద్ద జట్టు ఏదీ పిలవలేదు. పత్రికలో పేరు రెండుసార్లు పడింది, ఒకసారి తప్పుగా. మోకాలు పోయాక అదే మిల్లులో టైమ్‌కీపరుగా కూర్చున్నాడు, మద్రాసులోనే పెళ్లి చేసుకున్నాడు, మద్రాసులోనే పోయాడు. ఇనప రజను వాసన మాత్రం జీవితంలో పీల్చలేదు. సెలవలకు వచ్చినప్పుడల్లా వసారాలో నాయనమ్మ పీట ఉన్న చోట కూర్చునేవాడు. నాన్న చేతిలోంచి ఏదైనా దొర్లితే మా అందరి కాళ్లూ లేచేవి, వాడి కాలు లేచేది కాదు. "అన్నయ్యకి నిజంగానే వచ్చేసింది," అని నేను మెచ్చుకునేదాన్ని. అమ్మ ఆ దొర్లిన వస్తువును తెచ్చి చేటలో వేసి, వాడి కాళ్ల వైపు చూసి, లోపలికి వెళ్లిపోయేది.

ఇప్పుడు గరాచర్మ ఇంటి నేల సమంగా ఉంది, పలకలు వేసి ఉంది. ఉల్లిపాయలు చేజారితే జారిన చోటే ఉంటాయి, అడుగు దూరం కూడా పోవు. కావాలంటే శ్రావణి ఫోన్లో ఒక డజను హాకీ బంతులు తెప్పించగలదు. వాటిని పోగొట్టుకోవడానికి పిల్లలకే తీరిక లేదు. ఓడ వచ్చిందో లేదో ఎవరూ అడగరు. ఇది మంచిదే, నాకు ఫిర్యాదు లేదు. నా కాలు మాత్రం ఇప్పటికీ చప్పుడు వింటే లేస్తుంది. డాక్టరు దాన్ని నరాల జబ్బంటాడు.

మొన్న శ్రావణి వెనక నిలబడి ఆ నలభై నాలుగో నంబరు కుర్రాణ్ణి మళ్లీ చూశాను. నల్లబిళ్ల వాడి పక్కనుంచే పోయింది. వాడు దాని వైపు తల తిప్పి, వదిలేశాడు. శ్రావణి వేలు కదల్లేదు.

"ఇప్పుడు ఏ మీట నొక్కాలే?"

"ఏదీ లేదమ్మమ్మా. వాడేం చెయ్యలేదు కదా."

"వెనక్కి తిప్పు, నేను సరిగ్గా చూడలేదు," అన్నాను. అది తిప్పింది. చూశాను. ఇంకోసారి తిప్పమన్నాను. మూడోసారికి దానికి విసుగొచ్చింది.

మాకు అలా తిప్పుకునే వీలు లేకపోయింది కాబట్టి ఆ ఆదివారం నష్టాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి ముగిస్తాను. బంతి ఒకటి, కొత్తది. నాన్న ఎడమ చెప్పు. నాయనమ్మ చుట్ట, సగం కాలినది. అంపైరు విజిలు. తరవాతి ఓడ వచ్చేదాకా మూడు వారాల ఆట. వర్క్‌షాపులో ఫిట్టరు ఖాళీ, సోమవారం పొద్దున్న ఇంకొకడికి పోయింది. నేను చూడకపోయిన బంతి, అదొక్కటే. అన్నయ్య, పంతొమ్మిదేళ్లు, ఒక్కడు.